పాత కారు – పందెపు సన్నాహం

సంక్రాంతి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పల్లెల్లో బండలాగుడు పోటీల సందడి మొదలవుతుంది. చదును చేసిన బరిలో జత ఎడ్లు నిర్ణీత సమయంలో బరువైన బండను ఎంత దూరం లాగగలవో చూసి విజేతను నిర్ణయిస్తారు. పండ్ల సంఖ్యను బట్టి గిత్తలను తరగతులుగా విభజించి, సమానులకు సమానులతోనే పోటీ పెడతారు. బరిలో కనిపించే బలప్రదర్శన కొద్ది నిమిషాలదే. దాని వెనుక ఉన్న శ్రమ మాత్రం నెలల తరబడి సాగినది. గిత్తకు ఉలవలు, పత్తిగింజలు పెట్టిన రైతు అంతటితో ఊరుకోడు. గిట్ట అరిగిందా, మెడ మీద కాడి ఒరుసుకున్నదా, కాలి నరం పట్టిందా అని ప్రతిదినం తడిమి చూస్తాడు. బలం పెంచడం కన్నా ముందు లోపాన్ని కనిపెట్టడమే పెంపకందారుని నేర్పు.

ఈ నీతి ఎడ్లకే కాదు, యంత్రాలకూ వర్తిస్తుంది. పోటీ కోసం ఒక పాత మోటారు కారును సిద్ధం చేయడంలో ఉన్న శాస్త్రం సరిగ్గా ఇటువంటిదే. కారు పందెం అనగానే యువకుల మనసు ఇంజను శక్తి వైపు పరుగెత్తుతుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్కు చూపు మొదట బ్రేకుల మీద, చక్రాల మీద నిలుస్తుంది. ఆ రెండు చూపుల మధ్య ఉన్న తేడాయే ఈ పాఠంలోని విషయం.

ఆటోక్రాస్ అంటే ఏమిటి?

మోటారు క్రీడల్లో అతి తక్కువ ఖర్చుతో, అతి తక్కువ ప్రమాదంతో సాగేది ఆటోక్రాస్. విశాలమైన ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలిపి వంకర టింకర బాటను ఏర్పరుస్తారు. ఆ బాటలో ఒక్కసారికి ఒక్క కారునే వదులుతారు. పక్కన మరో కారు ఉండదు. ఢీకొనే అవకాశం ఉండదు. పోటీ అంతా గడియారంతోనే. ఎవరు తక్కువ సమయంలో బాటను పూర్తి చేస్తారో వారే విజేతలు. కోన్‌ను తాకి పడగొడితే కొన్ని సెకన్లు శిక్షగా కలుపుతారు. దారి తప్పితే ఆ పరుగు లెక్కకు రాదు. పరుగు సాధారణంగా ఒకటి రెండు నిమిషాలకు మించదు. మలుపులు దగ్గర దగ్గరగా ఉండటం వలన కారు ఎక్కువగా రెండవ గేరులోనే నడుస్తుంది. కాబట్టి గరిష్ఠ వేగానికి ఇక్కడ విలువ లేదు. తిరగడం, ఆగడం, మళ్ళీ అందుకోవడం — ఈ మూడింటికే విలువ.

ఈ క్రీడ దేశాన్ని బట్టి రూపం మార్చుకున్నది. బ్రిటన్‌లో పంట కోసిన పొలాల్లో, గడ్డి మైదానాల్లో జరుపుతారు. అమెరికాలో తారు లేదా కాంక్రీటు పరిచిన వాహనశాలల ఆవరణల్లో, పాత విమానాశ్రయాల్లో నిర్వహిస్తారు. అక్కడ 1973 నుండి జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి. భారతదేశంలో ఎక్కువగా మట్టి బాటల మీద జరుగుతాయి. మన దేశంలో మోటారు క్రీడలను భారత మోటారు క్రీడా సంఘాల సమాఖ్య నియంత్రిస్తుంది. పోటీల నియమావళి, లైసెన్సులు, భద్రతా ప్రమాణాలు దాని పరిధిలోనివి.

షోలవరం నుండి కోయంబత్తూరు దాకా

ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరుల మీదుగా సాగే చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని పట్టుకొని దక్షిణానికి వెళితే, చెన్నై చేరడానికి కొంచెం ముందు షోలవరం అనే ఊరు వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాట ఒకటి అక్కడ ఉన్నది. 1950ల నుండి కొన్ని దశాబ్దాల పాటు ఆ బాటే దక్షిణ భారత మోటారు పందేలకు ప్రధాన వేదిక. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ పందేలను నిర్వహించేది. తరువాత, 1990లో, శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేక పందెపు బాట ఏర్పడింది.

షోలవరంలో పరుగెత్తినవి అన్నీ విదేశీ స్పోర్ట్స్ కార్లు కావు. ఆ కాలంలో దిగుమతులు కష్టం. దేశంలో దొరికే కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. కాబట్టి ఔత్సాహికులు ఇంటి ముందు నిలిపే ఫియట్‌నో, స్టాండర్డ్ హెరాల్డ్‌నో, అంబాసిడర్‌నో తీసుకొని, విప్పి, బిగించి పందెపు కారుగా తీర్చేవారు. లేమి వారికి విద్య నేర్పింది.

ఆ విద్యలో ఆరితేరినవారిలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ ఒకరు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన నగరం కోయంబత్తూరు. గుంటూరు సీమ వలెనే అక్కడా నల్లరేగడి, పత్తి ఉన్నాయి. ఆ పత్తి వలన నూలు మిల్లులు, మిల్లుల వలన యంత్రాల తయారీ, దాని వెంట మోటారు విద్య పెరిగాయి. కరివర్ధన్ స్వయంగా పందెగాడు, కార్ల నిర్మాత కూడా. మారుతి 800 ఇంజనును అమర్చి, సామాన్యులకు అందుబాటులో ఉండే ఒంటి సీటు పందెపు కారును 1980ల చివర రూపొందించారు. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు సమీపంలోని పందెపు బాటకు ఆయన స్మృతిగా ‘కరి మోటార్ స్పీడ్‌వే’ అని పేరు పెట్టారు. దొరికిన సామగ్రితోనే, తక్కువ ఖర్చుతో, శ్రద్ధగా సిద్ధం చేయడం ఆ తరం విడిచివెళ్ళిన పాఠం.

వెనుక చక్రాల తోపు

ఆనాటి కార్లన్నింటిలో ఒక సామాన్య లక్షణం ఉన్నది. ఇంజను ముందు ఉంటుంది. దాని శక్తి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక ఇరుసుకు చేరి వెనుక చక్రాలను తిప్పుతుంది. ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్, హెరాల్డ్, 1984లో వచ్చిన కాంటెస్సా — ఇవన్నీ ఈ కోవకు చెందినవే. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో ముందు చక్రాలు లాగే కార్ల యుగం ఆరంభమైంది. పద్మిని 2000 ప్రాంతంలో, కాంటెస్సా 2002లో, అంబాసిడర్ 2014లో నిలిచిపోయాయి. నేడు ముందు ఇంజను, వెనుక చక్రాల తోపు గల చిన్న కారు కావాలంటే ఎక్కువగా పాతదాన్నే వెదకవలసి వస్తుంది.

వెనుక చక్రాల తోపు విలువ తెలియడానికి పొలంలోని ట్రాక్టరును చూస్తే చాలు. మిరప బస్తాల ట్రాలీని లాగుతూ గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు మూతి పైకి లేస్తుంది. బరువంతా వెనుక పెద్ద చక్రాల మీదికి జరుగుతుంది. వెనుక బరువు పెరిగిన కొద్దీ ఆ చక్రాలకు నేల మీద పట్టు పెరుగుతుంది. కారులోనూ ఇదే జరుగుతుంది. ఉదాహరణకు, 900 కిలోల కారు గురుత్వ కేంద్రం నేల నుండి అర మీటరు ఎత్తులో ఉన్నదనుకుందాం. ముందు వెనుక చక్రాల మధ్య దూరం పద్మినిలో వలె 2.34 మీటర్లు. భూమ్యాకర్షణ త్వరణంలో పదింట మూడు వంతుల త్వరణంతో కారు కదిలితే, సుమారు 58 కిలోల బరువు ముందు చక్రాల నుండి వెనుక చక్రాల మీదికి జరుగుతుంది. తోసే చక్రాలకు తోసే సమయంలోనే బరువు దొరకడం ఈ అమరికలోని మేలు. ముందు చక్రాలకు దారి చూపే పని ఒక్కటే మిగులుతుంది.

మేలు ఉన్నచోటే కీడు కూడా ఉన్నది. టైరు నేలను తాకే భాగం అరచేయంత మాత్రమే. ఆ అరచేతిలో ఉన్న పట్టు ఒక కూలి మోయగల బరువు వంటిది. ఒకే తలమీద రెండు మోపులు పెడితే కూలి కూలబడినట్లు, మలుపులో పక్కకు నిలదొక్కుకుంటున్న వెనుక టైరును అదే క్షణంలో గట్టిగా ముందుకు తోయమంటే అది పట్టు విడుస్తుంది. కారు తోక పక్కకు జారుతుంది. జారిన వైపుకే స్టీరింగును తిప్పి, ఏక్సిలరేటరును మెల్లగా తగ్గిస్తే కారు దారికి వస్తుంది. భయపడి కాలు ఒక్కసారిగా ఎత్తివేసినా, బ్రేకు తొక్కినా బరువు ముందుకు దూకి, వెనుక చక్రాలు మరింత తేలికై, కారు బొంగరంలా తిరుగుతుంది. కోన్ల మధ్య ఇది జరిగితే పోయేది కొన్ని సెకన్లు. రహదారి మీద జరిగితే పోయేది ప్రాణం.

మొదటి మెట్టు: పరీక్ష

పాత కారును పందానికి దించేముందు మొదట చేయవలసినది కొనుగోలు కాదు, పరిశీలన. కారును జాకీ మీద ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, అడుగుభాగం అంతా శుభ్రంగా కడగాలి. బురద కింద తుప్పు దాగి ఉంటుంది. చీరాల, బాపట్ల, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల్లో తిరిగిన కార్లకు ఉప్పుగాలి వలన ఈ బెడద ఎక్కువ. పద్మిని వంటి కార్లకు వేరే చట్రం ఉండదు. రేకు బాడీయే చట్రం. కాబట్టి కమాన్ కట్టలు తగిలించే చోట, స్టీరింగు పెట్టె బిగించే చోట, సీటు కింద నేల రేకులో తుప్పు ఉంటే ముందుగా దాన్ని కోసి కొత్త రేకు అతకాలి. పైన రంగు ఎంత మెరిసినా కింద రేకు పుచ్చిపోతే ఆ కారు పందానికి పనికిరాదు.

తరువాత ప్రతి కీలునూ కదిపి చూడాలి. ఎత్తి ఉంచిన చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే బేరింగులోని వదులు తెలుస్తుంది. ఎడమా కుడీ ఊపితే స్టీరింగు కడ్డీల చివరి కీళ్ళ వదులు తెలుస్తుంది. రబ్బరు బుష్షులు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగులుతాయి. పగిలిన బుష్షు ఉన్న కారులో డ్రైవరు స్టీరింగు తిప్పిన క్షణం ఒకటి, కారు తిరిగే క్షణం మరొకటి అవుతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివరల ఉండే జాయింట్ క్రాసులను, ఇంజను మౌంటింగులను కూడా ఈ దశలోనే చూడాలి. ఈ భాగాలు అధిక ధర గలవి కావు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత కార్ల విడిభాగాలు తెలిసిన పనివారు ఉన్నారు. కావలసినది డబ్బు కన్నా ఓర్పు.

రెండవ మెట్టు: ఆగడం

వేగంగా పోవాలనుకునే వాడు మొదట ఆగడం నేర్చుకోవాలి. వేగం రెండింతలైతే కారులోని గతిశక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తినంతా వేడిగా మార్చి బయటికి పంపవలసిన బాధ్యత బ్రేకులది. పద్మిని, అంబాసిడర్లకు ఎక్కువ కాలం డ్రమ్ము బ్రేకులే ఉండేవి. డ్రమ్ము మూసిన కుండ వంటిది. లోపలి వేడి త్వరగా బయటికి పోదు. పదే పదే తొక్కితే పట్టు తగ్గుతుంది. కాబట్టి లైనింగులు మందం చూసి మార్చాలి. నాలుగు చక్రాలకూ సమానంగా అడ్జస్టు చేయాలి. ఒక పక్క ముందుగా పట్టితే కారు ఆ పక్కకు గుంజుకుపోతుంది.

బ్రేకు ద్రవం విషయంలో చాలామంది పొరపాటు పడతారు. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడల్ దూదిలా లోపలికి పోతుంది, బ్రేకు పడదు. పందానికి ముందు పాత ద్రవాన్ని పూర్తిగా తీసి కొత్తది పోయడం, గొట్టాల్లోని గాలిని తొలగించడం, పగిలిన రబ్బరు గొట్టాలను మార్చడం తప్పనిసరి. ఈ పనికి అయ్యే ఖర్చు ఇంజను బాగుకు అయ్యే ఖర్చులో చిన్న వంతు. దాని ఫలితం మాత్రం ప్రతి మలుపులోనూ కనిపిస్తుంది.

మూడవ మెట్టు: నేల మీద పట్టు

ఇంజను ఎంత శక్తినిచ్చినా, బ్రేకు ఎంత గట్టిగా పట్టినా, ఆ పని అంతా చివరికి నాలుగు టైర్ల ద్వారానే నేలకు చేరాలి. అందుకే ఆటోక్రాస్‌లో అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది మంచి టైరు. గాడులు లోతుగా కనిపించినంత మాత్రాన టైరు మంచిదని భావించరాదు. రబ్బరు కాలంతో గట్టిపడుతుంది. గట్టిపడిన టైరు జారుతుంది. 2000 తరువాత తయారైన టైర్ల పక్కగోడ మీద నాలుగు అంకెల సంకేతం ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

గాలి ఎంత ఉండాలో తెలుసుకోవడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. తారు నేల మీద పరుగుకు ముందు టైరు అంచు నుండి పక్కగోడ మీదికి సుద్దముక్కతో గీత గీస్తారు. పరుగు ముగిసిన తరువాత ఆ గీత ఎంతవరకు చెరిగిందో చూస్తారు. పక్కగోడ మీద కూడా బాగా చెరిగితే టైరు మలుపులో ఒరిగిపోతున్నదన్నమాట, గాలి పెంచాలి. అంచు దగ్గర గీత చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైనట్లు, కొంత తగ్గించాలి. రూపాయి ఖరీదు చేయని సుద్దముక్క ఇచ్చే సమాచారం ఒక్కొక్కసారి విలువైన పరికరాలు కూడా ఇవ్వలేవు.

టైరు నేల మీద చదునుగా నిలవాలంటే సస్పెన్షన్ సక్రమంగా ఉండాలి. మలుపులో కారు బయటి వైపుకు ఒరుగుతుంది. దానితో బయటి చక్రం కూడా ఒరిగి అంచు మీద నిలుస్తుంది. అందుకే ముందు చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలేటట్లు ముందే అమరుస్తారు. ఒరుగును తగ్గించడానికి రెండు చక్రాలను కలిపే ఇనుప కడ్డీని లావుది వేస్తారు. కారిపోతున్న షాక్ అబ్జార్బర్లను మారుస్తారు. వెనుక ఇరుసును కమాన్ కట్టలే మోసే కార్లలో, ఏక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కట్టలు మెలిపడి ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. దీన్ని నివారించడానికి ఇరుసు నుండి బాడీకి అదనపు కడ్డీ తగిలిస్తారు. స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు. దాని వెనుక చక్రాలు విడివిడిగా ఊగుతాయి. మలుపు మధ్యలో కాలు హఠాత్తుగా ఎత్తితే వెనుకభాగం పైకి లేచి చక్రం లోపలికి మడుచుకుంటుంది. ఏ కారు స్వభావం ఏదో తెలుసుకొని దానికి తగిన చికిత్స చేయాలి. ఒకదానికి మందైనది మరొకదానికి రోగం కావచ్చు.

వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌ను కూడా రైతులకు పరిచయమైన ఉదాహరణతో వివరించవచ్చు. దమ్ములో ట్రాక్టరు ఒక చక్రం కూరుకుపోతే అదే గిరగిర తిరుగుతుంది. గట్టి నేల మీద ఉన్న రెండవ చక్రం కదలదు. అప్పుడు రైతు డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలూ ఒకటై తిరిగి ట్రాక్టరు బయటపడుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి వెనుక చక్రం తేలికై ఇలాగే వృథాగా తిరుగుతుంది. పూర్తిగా లాక్ వేస్తే కారు మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. కాబట్టి పందెపు కార్లలో జారుడును కొంతవరకే అడ్డుకునే ప్రత్యేక డిఫరెన్షియల్‌ను వాడతారు. అది ఖర్చుతో కూడినది కనుక, నియమాలు అనుమతిస్తే, చివరి దశలోనే ఆలోచించాలి.

నాలుగవ మెట్టు: బరువు, వేడి, బిగింపు

పోటీ రోజున కారులోని స్టెప్నీ, జాకీ, పనిముట్లు, కాళ్ళ కింది పట్టాలు, నీళ్ళ సీసాలు అన్నీ దింపివేయాలి. దీనివలన బరువు తగ్గడం ఒక లాభం. మలుపులో దొర్లి వచ్చిన సీసా బ్రేకు పెడల్ కింద ఇరుక్కోకుండా ఉండటం అంతకన్నా పెద్ద లాభం. బ్యాటరీని ఇనుప పట్టీతో కదలకుండా బిగించాలి. పాత కార్లలోని పొడవైన సోఫా సీటు మీద డ్రైవరు పక్కకు జారిపోతాడు. జారకుండా ఉండటానికి స్టీరింగునే పట్టుకొని వేలాడతాడు. ఒడిసిపట్టే సీటు, గట్టి బెల్టు ఉంటే చేతులకు స్టీరింగు తిప్పే పని మాత్రమే మిగులుతుంది. ఇక ఏక్సిలరేటర్ స్ప్రింగు తెగితే కారు ఆగదు. కాబట్టి దానికి తోడుగా రెండవ స్ప్రింగు తగిలించడం మంచిది.

వేసవిలో ఈ ప్రాంతపు ఎండ ప్రసిద్ధమైనది. పల్నాడులోని రెంటచింతల పేరు వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో తరచుగా వినిపిస్తుంది. అటువంటి ఎండలో తక్కువ వేగంతో, ఎక్కువ ఇంజను తిరుగుళ్ళతో నడిచే కారుకు రేడియేటర్ ప్రాణాధారం. దాన్ని శుభ్రం చేయించి, ఫ్యాను బెల్టు, గొట్టాలు మార్చాలి. ఇంజను ఆయిలు సరైన మట్టంలో ఉండాలి. పదునైన మలుపులో ఆయిలు ఒక పక్కకు పోతుంది. మట్టం తక్కువైతే పంపు గాలిని పీల్చి బేరింగులు కాలిపోతాయి.

ఇవన్నీ పూర్తయిన తరువాతనే ఇంజను శక్తి ముచ్చట రావాలి. పద్మినిలోని 1089 సి.సి. ఇంజను ఇచ్చేది సుమారు 40 అశ్వశక్తి మాత్రమే. కార్బురేటర్ శుభ్రంగా ఉండి, ప్లగ్గులు, పాయింట్లు, వాల్వుల సందులు సరిగా అమర్చబడితే ఆ 40 అశ్వశక్తి పూర్తిగా అందుతుంది. చాలా పాత కార్లలో కొత్త శక్తి కలపడం కన్నా పోయిన శక్తిని తిరిగి రాబట్టడమే ఎక్కువ లాభదాయకం.

బరి, డ్రైవరు

బరి ఎంపిక కూడా సన్నాహంలో భాగమే. కోతలు ముగిసి, మిరప కల్లాలు ఖాళీ అయిన తరువాత ఈ మైదానాల్లో చదును నేలకు కొదవ ఉండదు. అయితే నల్లరేగడి స్వభావం విచిత్రమైనది. దానిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బి, చక్రాలకు ముద్దగా పట్టుకుంటుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నెర్రెలో పడిన చక్రం విరగవచ్చు. మూతి గుచ్చుకొని కారు బోర్లా పడవచ్చు. అందుచేత గ్రావెల్ పరచి దిమ్మిస చేసిన నేలనో, తారు ఆవరణనో ఎన్నుకోవాలి. చెట్లు, స్తంభాలు, బావులు, ప్రేక్షకులు బాటకు చాలా దూరంగా ఉండాలి. నీటి ట్యాంకరు, మంటలార్పే పరికరం, ప్రథమ చికిత్సకు వైద్య సిబ్బంది సిద్ధంగా ఉండాలి.

చివరగా సిద్ధం కావలసినవాడు డ్రైవరు. అనుభవజ్ఞులు పరుగుకు ముందు బాట అంతా కాలినడకన రెండు మూడు సార్లు తిరుగుతారు. ప్రతి మలుపులో బ్రేకు ఎక్కడ తొక్కాలో, ఎక్కడ విడవాలో మనసులో రాసుకుంటారు. కారులో కూర్చున్నాక ముందున్న కోన్‌ను కాక, దాని తరువాతి కోన్‌ను చూస్తారు. ప్రతి పరుగు వివరాలనూ ఒక నోటుపుస్తకంలో నమోదు చేస్తారు: టైర్లలో గాలి ఎంత, పట్టిన సమయం ఎంత, కారు ఎలా ప్రవర్తించింది. ఒకసారికి ఒక్క మార్పే చేస్తారు. ఒకేసారి నాలుగు మార్చితే మేలు చేసినది ఏదో, కీడు చేసినది ఏదో తెలియదు. ఇది ప్రయోగశాలలో పాటించే పద్ధతే. విజ్ఞానశాస్త్ర దృష్టి పుస్తకంలోనే కాదు, వర్క్‌షాపులోనూ అవసరం.

రహదారి బరి కాదు

ఈ ప్రాంతపు జాతీయ రహదారి నేడు విశాలంగా, నునుపుగా ఉన్నది. రాత్రివేళ దాని మీద పందేలు వేసుకోవాలనే కోరిక కొందరు యువకులకు కలగవచ్చు. పత్తి లోడుతో నెమ్మదిగా పోయే లారీ, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు దాటుతున్న కూలీల గుంపు — వీరెవరికీ పందెం జరుగుతున్నదని తెలియదు. పందెంలో చేరనివారి ప్రాణాలను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహన పందేలు జరపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కూడా అదే చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. కాబట్టి పూర్తిగా మార్చిన పందెపు కారు సొంత చక్రాల మీద రోడ్డెక్కరాదు. మరో వాహనం మీద ఎక్కించుకొని బరికి చేర్చాలి.

వేగం పట్ల యువకులకు ఉండే ఆకర్షణను మందలింపుతో అణచడం కష్టం. దానికి ఒక క్రమాన్ని, ఒక బరిని, ఒక నియమాన్ని కల్పించవచ్చు. ఆటోక్రాస్ చేసే మేలు అదే. వాహనం ఎక్కడ పట్టు విడుస్తుందో, విడిచినప్పుడు ఏమి చేయాలో ప్రాణభయం లేని చోట నేర్పుతుంది. అది నేర్చినవాడు రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతాడు. ఎందుకంటే హద్దు ఎక్కడ ఉన్నదో అతనికి తెలుసు.

బండలాగుడు బరిలో గెలిచిన గిత్త మెడలో దండ పడుతుంది. చప్పట్లు దానికే దక్కుతాయి. తెల్లవారుజామున లేచి దాని గిట్టలు తడిమిన చేతులను ఎవరూ చూడరు. పాత కారు సంగతి కూడా అంతే. గడియారంలో కనిపించే సెకన్ల వెనుక మార్చిన బుష్షులు, బిగించిన నట్లు, చెరిగిన సుద్దగీతలు ఉంటాయి. ముందు ఆగడం, తరువాత తిరగడం, ఆపైన పరుగెత్తడం — ఈ వరుసను పాటించినవానికి పాత కారు కూడా నమ్మకమైన తోడు అవుతుంది. వరుస తప్పినవానికి కొత్త కారైనా శత్రువే.

ప్రశ్నలు

1. ఆటోక్రాస్ ఇతర మోటారు పందేలకన్నా తక్కువ ప్రమాదకరమని ఎందుకు చెప్పవచ్చు?
2. వెనుక చక్రాల తోపు గల కారులోని మేలు కీడులను ట్రాక్టరు ఉదాహరణతో వివరించండి.
3. పాత కారును పందానికి సిద్ధం చేసేటప్పుడు ఇంజను శక్తిని చివరి మెట్టుగా ఎందుకు ఉంచాలి?
4. ‘రహదారి బరి కాదు’ అనే మాటను సమర్థిస్తూ ఒక వ్యాసం రాయండి.